సుపీరియర్ ఒడ్డున ఒక పూట: హైవే 17 మీద ఏ బీచ్ దగ్గర ఆగాలి?

కెనడాలో ఒంటారియో ఉత్తరానికి కారులో వెళ్ళేవాళ్ళకి సూ సెయింట్ మరీ (వాడుకలో సూ) ఊరు దాటగానే ఒక చిక్కు ఎదురవుతుంది. అక్కడి నుంచి థండర్ బే దాకా హైవే 17 మీద సుమారు 700 కిలోమీటర్లు. దారి పొడవునా ఎడమ చేతి వైపు సుపీరియర్ సరస్సు కనిపిస్తూ, దాగుతూ ఉంటుంది. ప్రతి మలుపులో ఒక ఖాతం, ప్రతి ఖాతంలో ఒక ఇసుక ఒడ్డు. ఫోటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి: నీలం నీళ్ళు, లేత ఇసుక, వెనక పైన్ చెట్లు. తీరా వెళ్ళాక ఒకచోట పిల్లలు రెండు గంటలు నీళ్ళలోంచి బయటికి రారు. అక్కడికి గంట దూరంలోనే ఇంకోచోట చీలమండ దాకా కూడా దిగలేరు.

టొరంటో, డిట్రాయిట్ వైపుల నుంచి వేసవిలో ఈ దారి పట్టే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, చిన్నపిల్లలు, ఐస్ బాక్సులో దద్దోజనం, అందరూ ఒకే కారులో. అలాంటి కారుకి సరిపడే ఒడ్డు వేరు, కెమెరా భుజాన వేసుకుని ఒక్కరే వెళ్ళే మనిషికి సరిపడే ఒడ్డు వేరు.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఖాతం ఆకారం, గాలి దిక్కు. అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. ఎక్కువమంది చూడనిదీ ఇదే.

సుపీరియర్ విస్తీర్ణం సుమారు 82,100 చదరపు కిలోమీటర్లు, అత్యధిక లోతు 406 మీటర్లు. అంత నీరు ఒక్క వేసవిలో వేడెక్కదు. ఆగస్టులో కూడా వెచ్చబడేది పై పొర మాత్రమే. ఆ పొరను గాలి ఎటు నెడితే అటు పోతుంది. సూ నుంచి ఉత్తరాన వావా అనే ఊరి వరకు ఉన్నది సరస్సుకి తూర్పు ఒడ్డు. పడమటి గాలి రెండు మూడు రోజులు నిలకడగా వీస్తే వెచ్చటి పై నీరంతా ఈ ఒడ్డుకి చేరుతుంది. అదే గాలి తిరగబడి నేల మీద నుంచి నీళ్ళ వైపు వీస్తే పై పొర లోపలికి కొట్టుకుపోతుంది, అడుగు నుంచి చన్నీళ్ళు పైకి వస్తాయి. నిన్న హాయిగా ఈదిన చోట ఈరోజు కాలు పెట్టగానే జివ్వుమనడానికి కారణం అదే. ఎండ అంతే ఉంటుంది, ఆకాశం అంతే నీలంగా ఉంటుంది, నీళ్ళు మాత్రం మారిపోతాయి.

ఆకారం సంగతికొస్తే, నోరు చిన్నదై, ముందు ఒక ద్వీపమో రాళ్ళ వరసో అడ్డున్న ఖాతాల్లో నీళ్ళు లోతు తక్కువగా ఉండి ఎండకి కాగుతాయి. నోరు పెద్దగా తెరుచుకుని నేరుగా పడమటికి చూసే ఖాతాల్లో సరస్సు మధ్య నుంచి వచ్చే అలలు అడ్డూ ఆపూ లేకుండా ఒడ్డుకి కొడతాయి.

కాబట్టి బయల్దేరే ముందు రోజు రాత్రి రెండు పనులు చేయండి. మ్యాప్ తెరిచి ఆ ఖాతం ఏ దిక్కుకి తెరిచి ఉందో చూడండి. తర్వాత ఎన్విరాన్‌మెంట్ కెనడా ఇచ్చే సరస్సు వాతావరణ సూచనలో తూర్పు సుపీరియర్, వైట్‌ఫిష్ బే భాగాలకి గాలి దిక్కు, అలల ఎత్తు చూడండి. ఊళ్ళకి ఇచ్చే మామూలు సూచనలో అలల ఎత్తు దొరకదు.

లోతు ఎలా పెరుగుతుంది. పిల్లలున్నవాళ్ళకి నీటి వేడి తర్వాత చూడాల్సింది ఇది. కొన్నిచోట్ల నలభై అడుగులు నడిచినా మోకాలు తడవదు. కొన్నిచోట్ల నాలుగడుగులు వేసేసరికి నడుం లోతు వస్తుంది. ఒంటారియో ప్రొవిన్షియల్ పార్కుల (ఆ రాష్ట్ర ప్రభుత్వ పార్కుల) బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఉండరు. తేలే బంతుల వరస కట్టి ఉంటే అది హద్దును చూపిస్తుందంతే, కాపలా కాదు.

ప్రశాంతత. ఊరికి దూరమైతే ప్రశాంతంగా ఉంటుందనుకోవడం ఈ దారిలో పొరపాటు. హైవే 17 దేశానికి అడ్డంగా సాగే ట్రాన్స్ కెనడా హైవేలో భాగం. సరుకు లారీలు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. రోడ్డుకి, ఇసుకకి మధ్య ఎంత అడవి ఉందన్నదే చూసుకోవాలి. జనం సంగతి తేదీని బట్టి ఉంటుంది. జులై 1 కెనడా డే, ఆగస్టు మొదటి సోమవారం, సెప్టెంబరు మొదటి సోమవారం కలిసొచ్చే వారాంతాల్లో ఎక్కడైనా సందడే. అదే ఒడ్డు మంగళవారం ఉదయం ఖాళీ.

సదుపాయాలు, పర్మిట్. మరుగుదొడ్డి ఎంత దూరం, కారు నుంచి ఇసుక ఎంత దూరం, తాగునీళ్ళు ఉన్నాయా. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు అసలు ఎంపిక ఈ మూడింటి మీదే జరుగుతుంది. ప్రొవిన్షియల్ పార్కులో పగలు గడపడానికి కారుకి రోజువారీ పర్మిట్ తీసుకోవాలి. అయిదు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. రాత్రి బసకి క్యాంప్ స్థలాలు అయిదు నెలల ముందే, ఉదయం 7 గంటలకి తెరుస్తారు. ఆగస్టు శని, ఆదివారాలకి నీటి పక్కన స్థలం కావాలంటే మార్చిలోనే ఆ వేళకి కూర్చోవాలి.

## ఒక్క చూపులో

| చోటు | సూ నుంచి (సుమారు) | ఒడ్డు | నీళ్ళు | హైవే చప్పుడు | రాత్రి బస |
|---|---|---|---|---|---|
| బచ్చవానా బే | 70 కి.మీ. | ఇసుక | లోతు తక్కువ, అన్నిటికంటే వెచ్చన | ఉంది | లేదు |
| పాన్‌కేక్ బే | 80 కి.మీ. | 3 కి.మీ. పైగా మెత్తని ఇసుక | నెమ్మదిగా లోతు పెరుగుతుంది | క్యాంపు వెనక వరసల్లో బాగా | ఉంది |
| అగావా బే | 140 కి.మీ. | ఇసుక, గులకరాళ్ళు | త్వరగా లోతు, అలలు | ఉంది, అలల హోరు కొంత కప్పేస్తుంది | ఉంది |
| క్యాథరిన్ కోవ్ | 155 కి.మీ. | ఇసుక, నున్నని బండలు | లోతు తక్కువ, చాటున ఉంటుంది | ఉంది | లేదు |
| ఓల్డ్ ఉమన్ బే | 200 కి.మీ. | ఇసుక, కొట్టుకొచ్చిన దుంగలు | చల్లన, అలలు | ఉంది | లేదు |
| నీస్ | 440 కి.మీ. | 2 కి.మీ. పొడవున వెడల్పాటి ఇసుక | చల్లన | లేదు, రైలు కూత వినిపిస్తుంది | ఉంది |

క్యాథరిన్ కోవ్, అగావా బే, ఓల్డ్ ఉమన్ బే మూడూ లేక్ సుపీరియర్ ప్రొవిన్షియల్ పార్కులోనివే. 1944లో ఏర్పడిన ఈ పార్కు సుమారు 1,550 చదరపు కిలోమీటర్లు. హైవే దీని మధ్యలోంచే పోతుంది. ఆగకుండా దాటిపోతే పర్మిట్ అక్కర్లేదు, దిగి ఒడ్డున గడిపితే కావాలి.

## బచ్చవానా బే

సూ నుంచి గంట లోపే వస్తుంది. ఖాతం ముందు బచ్చవానా ద్వీపం అడ్డు కాస్తుంది. నీళ్ళు లోతు తక్కువ కాబట్టి జులై మధ్య నుంచి ఈ దారిలో నిజంగా స్నానం చేయగలిగేంత వెచ్చబడే మొదటి చోటు ఇదే. పార్కు పగటి పూటకే, క్యాంపింగ్ లేదు. కారు ఆపిన చోటుకి ఇసుక బాగా దగ్గర. నడవలేని పెద్దవాళ్ళని బల్ల దాకా తీసుకెళ్ళడం తేలిక.

లోపమల్లా హైవే ఇసుకను ఆనుకునే పోవడం. కళ్ళు మూసుకుంటే లారీలు వినిపిస్తాయి. నీళ్ళలో ఉన్న పిల్లలకి ఆ సంగతే పట్టదు, పుస్తకం చదువుకోవాలని వచ్చినవాళ్ళకి పడుతుంది.

దీనికి కాస్త ముందే చిప్పెవా జలపాతం. ట్రాన్స్ కెనడా హైవేకి నడిమధ్య ఇదేనని చెప్పే ఫలకం అక్కడుంది. పది నిమిషాలు ఆగి చూడదగ్గది, కానీ నీటి పక్క రాళ్ళు నాచుతో జారతాయి. పిల్లల చెయ్యి వదలకూడదు.

## పాన్‌కేక్ బే

ఈ దారి మీద ఒక్క బీచ్‌కే సమయం ఉందంటే, ఎక్కువ కుటుంబాలకి మా సలహా ఇదే. మూడు కిలోమీటర్లకి పైగా సాగే ఇసుక. మ్యాప్‌లో చూస్తే దక్షిణానికి తెరిచిన కొడవలిలా ఉంటుంది. ఉత్తర, వాయవ్య గాలులు వీచే రోజుల్లో అలలు లేకుండా నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఇసుక మెత్తన, లోతు నెమ్మదిగా పెరుగుతుంది.

అయితే ఆ ప్రశాంతతలోనే ఒక ప్రమాదం ఉంది. ఉత్తరపు గాలి నేల మీద నుంచి సరస్సులోకి వీస్తుంది. నీళ్ళు కదలనట్టే కనిపిస్తాయి గానీ, గాలి నింపిన చక్రం మీదో తేలే పరుపు మీదో కూర్చున్న పిల్లవాడిని అదే గాలి మెల్లగా లోపలికి తోసుకుపోతుంది. ఒడ్డున మనం కబుర్లలో ఉండగా యాభై మీటర్లు దాటిపోవడం పెద్ద పనేమీ కాదు. ఈ సరస్సులో గాలి బొమ్మలు దించనే వద్దు. లైఫ్ జాకెట్ తొడగండి.

పాన్‌కేక్ అన్న పేరు వెనక ఒక కథ చెబుతారు. పడవల్లో బొచ్చు తోళ్ళ వ్యాపారం చేసే మనుషులు సూకి ఒక రోజు దూరంలో ఇక్కడ ఆగేవాళ్ళట. రేపు కొత్త సరుకు దొరుకుతుంది కదా అని మిగిలిన పిండినంతా అట్లు పోసుకుని తినేసేవాళ్ళట.

క్యాంపు స్థలాలు 300 పైచిలుకు. పార్కు సన్నటి పట్టీలా హైవేకి, నీళ్ళకి మధ్య ఇరుక్కుని ఉంటుంది. అందుకే స్థలం ఎంచుకునేటప్పుడు మ్యాప్ మీద వేలు పెట్టి నీటి వైపు వరసలే తీసుకోండి. హైవే వైపు వరసలో పడితే రాత్రంతా లారీ బ్రేకుల చప్పుడు వింటారు. పగటికి మాత్రమే వచ్చినవాళ్ళు పార్కింగ్ దగ్గరే చాప పరిచేయకుండా ఒడ్డు వెంబడి పది, పదిహేను నిమిషాలు నడవండి. మూడు కిలోమీటర్ల ఇసుకలో జనమంతా మొదటి మూడు వందల మీటర్లలోనే ఉంటారు.

రోడ్డుకి అవతలి వైపు కొండ మీద ఎడ్మండ్ ఫిట్జరాల్డ్ లుకౌట్ ఉంది. 1975 నవంబరు 10న ఆ పేరున్న సరుకు ఓడ 29 మంది సిబ్బందితో ఈ నీళ్ళలోనే మునిగిపోయింది. వైట్‌ఫిష్ బే చాటుకి చేరడానికి ఇంకా కొన్ని మైళ్ళే మిగిలాయి. కొండ మీద నిలబడి చూస్తే ఆ దూరం కంటికి ఆనుతుంది. దారిలో ఎక్కుడు ఉంది, మెట్లున్నాయి. దానికి సగం పూట పక్కన పెట్టుకోండి.

## అగావా బే

పడమటికి తెరిచిన పొడవాటి ఒడ్డు. ఇసుక, గులకరాళ్ళు కలిసి ఉంటాయి. ఏ పాలు ఎంతన్నది వెనకటి తుఫానుని బట్టి మారుతుంది. చెప్పులు లేకుండా నడవడం కష్టం. నీళ్ళలో నడిచే రబ్బరు చెప్పులు ఉండాలి. కొన్ని అడుగుల్లోనే లోతు పెరుగుతుంది కాబట్టి అయిదారేళ్ళ లోపు పిల్లలకి ఇది సరైన చోటు కాదు.

మరి ఎవరికి? సాయంత్రం కావాలనుకునేవాళ్ళకి. సూర్యుడు నేరుగా నీళ్ళలోకి దిగుతాడు. జూన్ చివర్లో అది రాత్రి తొమ్మిదిన్నర దాటాక, సెప్టెంబరు మొదట్లో ఎనిమిదింబావు ప్రాంతంలో. తర్వాత చీకటి పడితే అసలు చీకటే. రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే చోటుగా ఈ పార్కుకి 2018లో డార్క్ స్కై ప్రిజర్వ్ గుర్తింపు వచ్చింది. చంద్రుడు లేని రాత్రి పాలపుంత ఒడ్డు నుంచి ఒడ్డుకి కనిపిస్తుంది. హైవే దగ్గరే అయినా అలల హోరు లారీల చప్పుడుని చాలావరకు మింగేస్తుంది. గాలి లేని రాత్రి మాత్రం వినిపిస్తాయి.

విజిటర్ సెంటర్, స్నానాల గదులు ఇక్కడే ఉన్నాయి. ఉత్తరంగా ఎనిమిది కిలోమీటర్ల దూరంలో అగావా రాక్. ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలు ఎర్ర మట్టితో వేసిన బొమ్మలు నీటి అంచున నిలువు బండ మీద ఉన్నాయి. కొమ్ములున్న మిషిపెషు అనే నీటి పులి, పడవలు, పాములు. అర కిలోమీటరు దారే కానీ ఎగుడుదిగుడు. చివర్లో నీళ్ళకి వాలిన బండ మీద నిలబడాలి. అలలు ఆ బండ మీదకి వస్తున్న రోజు, వాన పడ్డ రోజు దాని మీదకి దిగొద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పార్కింగ్ దగ్గరే కూర్చోబెట్టండి. ఓజిబ్వేలకి ఇది నేటికీ పవిత్ర స్థలం. బొమ్మల్ని తాకకూడదు.

## క్యాథరిన్ కోవ్

చిన్న పిల్లలు, పెద్దవాళ్ళు, జనం లేని ప్రశాంతత మూడూ కావాలంటే, వారం మధ్య రోజుల్లో, దీన్ని మించింది ఈ దారిలో లేదు.

ఖాతం చిన్నది. అటూ ఇటూ నున్నగా అరిగిన బండలు, ముందు చిన్న చిన్న రాతి దిబ్బలు. పెద్ద అలలు వాటికి తగిలి విరిగిపోతాయి, లోపలికి వచ్చేసరికి సన్నటి ముడతలే మిగులుతాయి. నీళ్ళలోకి నడుస్తుంటే అడుగున ఇసుక గీతలు గీతలుగా, రాగి చెంబు మీద సుత్తి దెబ్బల్లా కనిపిస్తాయి. మోకాలి లోతులో నిలబడి కాలి గోళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మధ్యాహ్నం మూడు దాటాక పక్క బండల మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటాయి. నీళ్ళలోంచి వణుకుతూ వచ్చిన పిల్లల్ని తువ్వాలు చుట్టి ఆ బండ మీద కూర్చోబెడితే అయిదు నిమిషాల్లో మళ్ళీ పరిగెడతారు.

పార్కింగ్ రోడ్డు పక్కనే, బల్లలు దగ్గరే. మరుగుదొడ్లు గుంత రకం, ఫ్లష్ ఉండదు. తాగునీళ్ళు, తిండి మీరే తెచ్చుకోవాలి. ఫోను సిగ్నల్ అందదు. ఇక్కడికి వచ్చాక ఆన్‌లైన్‌లో పర్మిట్ కొందామంటే కుదరదు. సూలోనో వావాలోనో ఉండగానే తీసేసుకోండి.

చోటు చిన్నది కావడమే దీని లోపం. సెలవు వారాంతంలో పదకొండు గంటలకల్లా కారు పెట్టే చోటు ఉండదు. పదింటి లోపు చేరండి, లేదా నాలుగు దాటాక రండి.

## ఓల్డ్ ఉమన్ బే

చూడ్డానికి ఈ దారి మొత్తంలో ఇదే గొప్పది. ఈతకి మాత్రం చివరిది. రెండు వందల మీటర్ల కొండ నేరుగా నీళ్ళలోంచి లేస్తుంది. దాని అంచుల్లో ముసలమ్మ ముఖం కనిపిస్తుందని ఆ పేరు. ఖాతం సరస్సుకి పూర్తిగా తెరిచి ఉంటుంది, పడమటి గాలి వీస్తే అలలు ఉరుముతాయి. కారు దిగితే ఇసుకే. చలికోటు వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని దుంగ మీద అరగంట కూర్చోవడానికి బాగుంటుంది. వావా ఇంకా పాతిక కిలోమీటర్లే కాబట్టి దీన్ని మజిలీగా వాడుకోండి, రోజంతా గడపాలని రావద్దు.

వావా దగ్గర మిచిపికోటెన్ వైపు శాండీ బీచ్ అని ఊరివాళ్ళు వెళ్ళే ఒడ్డు ఉంది. ఇసుక దిబ్బల మీద మొక్కలు నాటి కాపాడుతున్నారు, వాటిని తొక్కకుండా వేసిన దారిలోనే నడవాలి.

## నీస్

మారథాన్ అనే ఊరు దాటాక వస్తుంది. సూ నుంచి అయిదు గంటల ప్రయాణం. అంత దూరం ఎందుకంటే నిశ్శబ్దం కోసమే. హైవేని వదిలి అడవి దారిలో లోపలికి వెళ్తే రెండు కిలోమీటర్ల పొడవున వెడల్పాటి ఇసుక ఒడ్డు. ఆగస్టు మధ్యలో కూడా ఉదయం పూట మీ అడుగులు తప్ప వేరే అడుగులు కనిపించకపోవచ్చు. రైలు మార్గం దగ్గర్లోనే ఉంది, రాత్రి గూడ్సు బండ్లు వినిపిస్తాయి. నిద్ర పలచగా పట్టేవాళ్ళు దాన్ని లెక్కలో పెట్టుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ జర్మన్ ఖైదీల శిబిరం ఉండేది. చుట్టూ అడవి, ముందు సరస్సు, పారిపోవడానికి దారి లేదని ఈ చోటు ఎంచుకున్నారు. గోడల పునాదుల ఆనవాళ్ళు అడవిలో ఇంకా ఉన్నాయి. విజిటర్ సెంటర్‌లో శిబిరం నమూనా చూడొచ్చు. పక్కనున్న పిక్ ద్వీపాన్ని గ్రూప్ ఆఫ్ సెవెన్ అనే కెనడా చిత్రకారుల బృందంలోని లారెన్ హ్యారిస్ బొమ్మగా గీశాడు. ఆ బొమ్మ చూసినవాళ్ళు ఇక్కడికొస్తే ద్వీపాన్ని ఇట్టే గుర్తుపడతారు.

నీళ్ళు చల్లన. ఆగస్టులో ఎండలో కాగిన అంచు నీళ్ళు తప్పితే ఈత కొద్ది నిమిషాలే. పడమటి చివర లిటిల్ పిక్ నది కలిసే చోట ప్రవాహం ఉంటుంది, అక్కడ దిగొద్దు. సీజన్ మిగతా పార్కులకంటే ముందుగా ముగుస్తుంది. సెప్టెంబరులో వెళ్ళేవాళ్ళు మూసే తేదీ చూసుకున్నాకే బయల్దేరాలి.

ఇంకా పడమరకి పోయేవాళ్ళకి టెర్రస్ బే ఊరి బీచ్ ఉంది. అగువాసబాన్ నది సరస్సులో కలిసే దగ్గర చెక్క దారి, ఇసుక, రాళ్ళు. ప్రొవిన్షియల్ పార్కు కాదు కాబట్టి పర్మిట్ గొడవ లేదు. భోజనానికి ఆగడానికి చక్కగా సరిపోతుంది.

## ఎవరికి ఏది

చిన్నపిల్లలు, పగలు మాత్రమే. గాలి పడమరగా ఉండి వారం మధ్య రోజైతే క్యాథరిన్ కోవ్. సెలవు వారాంతమైతే బచ్చవానా. పాన్‌కేక్ ఎప్పుడైనా సరే, గాలి బొమ్మలు లేకుండా.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో. బాపట్ల సూర్యలంకలోనో విశాఖలోనో సముద్రం చూసినవాళ్ళు ఇక్కడా గోరువెచ్చటి నీళ్ళే అనుకుంటారు. ముందే చెప్పి తీసుకురండి. బచ్చవానా, క్యాథరిన్ కోవ్ రెండూ వాళ్ళకి అనువైనవి. ఓల్డ్ ఉమన్ బేలో కారు దగ్గరి నుంచే అంతా కనిపిస్తుంది కాబట్టి అక్కడ అరగంట కలపండి. ఆగస్టులో కూడా సాయంత్రానికి శాలువా, మేజోళ్ళు కావాలి.

టొరంటో నుంచి మూడు రోజుల సెలవులో. సూ దాకానే సుమారు 700 కిలోమీటర్లు, ఎనిమిది గంటలు. మొదటి, చివరి రోజులు రోడ్డుకే పోతాయి. కాబట్టి క్యాథరిన్ కోవ్ దాటి వెళ్ళాలనుకోవద్దు. పాన్‌కేక్‌లో రెండు రాత్రులు, మధ్య రోజు క్యాథరిన్ కోవ్, అగావా రాక్. ఇదే హాయి. నీస్‌ని వారం రోజుల ప్రయాణానికి దాచుకోండి.

డిట్రాయిట్ వైపు నుంచి. ఐ-75 చివరి దాకా వెళ్ళి ఇంటర్నేషనల్ బ్రిడ్జి దాటితే సూ. భారతీయ పాస్‌పోర్టుతో అమెరికా ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి కెనడా సందర్శక వీసా విడిగా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, కార్డు సరిపోతాయి. చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకి మాత్రం మళ్ళీ వీసా తప్పదు. చివరి నిమిషంలో చాలామందికి గుర్తొచ్చేది ఇదే.

ఒంటరిగా, ఇద్దరుగా, ఫోటోల కోసం. అగావాలో రాత్రి, ఓల్డ్ ఉమన్ బేలో తెల్లవారుజాము. రోజులు చేతిలో ఉంటే నీస్.

## ఎక్కడ దెబ్బతింటారు

నీళ్ళలోకి దిగే ముందు ఒక చిన్న పరీక్ష. మోకాలి కింద దాకా దిగి అరవై లెక్కపెట్టండి. అరవై లోపు చీలమండ ఎముక నొప్పి పుడితే ఆరోజు ఈత మానుకోండి, పిల్లల్ని ఇసుకలో ఆడించండి. చన్నీళ్ళలో పడ్డ మనిషి గురించి రక్షణ నిపుణులు చెప్పే లెక్క ఒకటి, పది, ఒకటి: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ మాట వినేది పది నిమిషాలు, ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి ఒక గంట. మంచి ఈతగాళ్ళు కూడా చాలాసార్లు ఒళ్ళు పూర్తిగా చల్లబడక ముందే, ఆ మొదటి నిమిషాల్లోనే మునిగిపోతారు. ఇంకో సంగతి. ఇది మంచినీళ్ళు. ఉప్పునీళ్ళలో తేలినంతగా ఒళ్ళు ఇక్కడ తేలదు, సముద్రంలో ఈదే అలవాటున్నవాళ్ళకి త్వరగా అలుపొస్తుంది.

జూన్‌లో వెళ్ళేవాళ్ళకి రెండు తలనొప్పులు. మే మధ్య నుంచి జూన్ చివరి దాకా నల్ల ఈగలు, వాటి వెనకే దోమలు. తలకి కప్పుకునే దోమల వల కొనుక్కోండి. రెండోది పొగమంచు. వెచ్చటి గాలి చన్నీళ్ళ మీదకి వచ్చినప్పుడు ఒడ్డంతా తెల్లగా మూసుకుపోతుంది. పక్క కొండ అవతల మాత్రం ఎండ కాస్తుంటుంది. మధ్యాహ్నానికి తొలగితే తొలగొచ్చు. మొత్తం మీద జులై చివరి వారం నుంచి ఆగస్టు చివరి దాకా మేలైన కాలం. జనం వద్దనుకుంటే సెప్టెంబరు మొదటి సోమవారం దాటిన వారం ఇంకా మంచిది. నీళ్ళలో వెచ్చదనం అప్పటికింకా ఉంటుంది, పిల్లలు బడికి పోవడంతో ఒడ్లు ఖాళీ అవుతాయి.

జులై, ఆగస్టుల్లో వెచ్చటి రోజున గాలి నేల వైపు నుంచి వీస్తుంటే బీచ్ ఈగలు వస్తాయి. చూడ్డానికి ఇంటి ఈగలే, కానీ చీలమండలు కుడతాయి. దోమల మందు వీటి మీద పెద్దగా పనిచేయదు. పొడుగు ప్యాంటు, మేజోళ్ళు వేసుకోవాలి, లేదా వేరే దిక్కుకి తెరిచిన ఒడ్డుకి మారిపోవాలి.

తిండి విషయంలో: ఇది నల్ల ఎలుగుబంట్ల అడవి. తిన్న వెంటనే గిన్నెలు, పచ్చడి సీసా, చెత్త సంచీ అన్నీ కారులో పెట్టి తాళం వేయండి. గుడారంలో బిస్కెట్టు పొట్లం కూడా ఉంచకూడదు. సరస్సులో గిన్నెలు కడగొద్దు. ఒడ్డున ఇసుకలో మంట వేయడం నిషేధం, ఏర్పాటు చేసిన పొయ్యిలోనే వేయాలి. కట్టెలు ఇంటి నుంచి మోసుకురావద్దు, వాటితో పాటు చెట్లని చంపే పురుగులు వస్తాయి. అక్కడే కొనండి. రంగురాళ్ళు ఎంత ముచ్చటగా ఉన్నా ప్రొవిన్షియల్ పార్కు నుంచి పట్టుకెళ్ళకూడదు. పాటల స్పీకరు సంగతి కూడా చెప్పాలి. పార్కుల్లో ఏ వేళలోనైనా అధిక శబ్దం నిబంధనలకి విరుద్ధం. పైగా ఇంత దూరం వచ్చిన పక్కవాళ్ళు ఆ నిశ్శబ్దం కోసమే వచ్చారు.

రోడ్డు ఎక్కువ భాగం రెండు వరసలే, వేగ పరిమితి 90. సంధ్య చీకట్లలో దుప్పి జాతి మూస్‌లు రోడ్డు మీదకి వస్తాయి. కాళ్ళు పొడుగు కావడంతో కారు గుద్దితే వాటి మొండెం నేరుగా ముందు అద్దం మీద పడుతుంది. సూర్యాస్తమయం చూడాలంటే రాత్రి బస ఆ పక్కనే ఉండాలి, చూసి రెండు గంటలు నడుపుకుంటూ పోయే పథకం వేయొద్దు. పెట్రోలు సూలో నింపి, అగావాకి ముందు వచ్చే మాంట్రియల్ రివర్ దగ్గర ముల్లు ఎక్కడుందో చూసుకోండి. అక్కడి నుంచి వావా దాకా వంద కిలోమీటర్లకి పైగా బంకు లేదు. మ్యాపులు ముందే ఫోన్‌లోకి దించుకోండి. ఐసు, పెరుగు, కూరగాయలు, పిల్లల మందులు సూ దాటక ముందే కొనేయండి. శాకాహారులకి దారిలో బంగాళాదుంప వేపుళ్ళు, టోస్టు తప్ప పెద్దగా ఏమీ దొరకవు. తర్వాత సరైన కిరాణా కొట్టు కనిపించేది వావాలోనే.